ఫైనల్ మ్యాచి నాటి సముద్రం

మొన్న ఆదివారం పొద్దు వాలే వేళకు పెనుకొండలో మా అద్దె ఇంటి మేడ మీద ఆరబెట్టిన చింతపండును బుట్టలోకి ఎత్తుకుంటూ ఉంటే, మా కోడలు ఫోను చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నా పక్కన చాప మీద కూలబడి ఒక సముద్రం బొమ్మ చూపించింది. తను హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా అబ్బాయి ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేస్తాడు. ఇద్దరూ ఒకే సమయంలో ఇంట్లో మేలుకుని ఉండే రోజు వారానికి ఒకటి దొరికితే అదే పండగ.

"అత్తా, గోవాలో సీజను అయిపోతాంది, రూములన్నీ ఖాళీగా ఉండాయంట. దానికి తోడు వరల్డ్ కప్పు జరుగుతాంది గదా, జనమంతా టీవీల ముందర కూర్చోనుంటారు. పోతే ఇప్పుడే పోవాల. ఈతూరి నువ్వూ రావాల," అంది.

చూద్దాంలే అన్నాను. మోకాళ్ళ నొప్పి సంగతి చెబుదామనుకున్నాను గానీ, ఆ పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు చూసి నా నొప్పి గురించి మాట్లాడబుద్ధి కాలేదు. తను కిందికి వెళ్ళిపోయాక కూడా నేను బుట్ట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే, సీజను వెనకబడి, ఊళ్ళకు ఊళ్ళు క్రికెట్ పిచ్చిలో ఉన్న ఒక మార్చి నెలలో, నేను ఆ ఒడ్డుకు ఒకసారి వెళ్ళి వచ్చాను. నా జీవితంలో నేను చూసిన సముద్రం అదొక్కటే.

నా వయసు వాళ్ళకు ఆ ఏడాది గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళు ఒక్కో మ్యాచి గెలుచుకుంటూ ఫైనలు దాకా వచ్చారు, ఊళ్ళో మంచి టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పుల కుప్ప ఉండేది, కరెంటు పోతే జనం లైన్‌మన్‌ను వెతుక్కుంటూ బయలుదేరేవారు. మా మరిది మొదటి మ్యాచి గెలిచిన రోజు తొడుక్కున్న చొక్కాను ఆ తరువాత ప్రతి మ్యాచికీ ఉతకకుండా తొడుక్కున్నాడు. ఒకసారి మా అత్త గడప దాటుతున్నప్పుడు ఒక వికెట్టు పడిందని, అప్పటినుంచి మ్యాచి జరుగుతున్నంతసేపూ ఆమెను వంటింట్లోంచి కదలనిచ్చేవాడు కాదు. ఆమె వాడి మీద విసుక్కుంటూనే వంటింట్లో కూర్చునేది.

నేను హిందూపురం పిల్లను. మా నాయన అక్కడి మార్కెట్లో చింతపండు వ్యాపారం చేసేవాడు, మా ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. పెళ్ళై ధర్మవరం వచ్చిన కొత్తలో నేను డబ్బులను దుడ్లు అంటే మా మరిది పడీపడీ నవ్వేవాడు. అత్తవారిది పట్టు నేసే ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, దాని వెనక గదిలో మేము. తెల్లవారకముందే మొదలయ్యే ఆ మగ్గం చప్పుడుకు మొదట్లో నాకు నిద్ర పట్టేది కాదు, ఆ తరువాత అది ఆగిపోతే మెలకువ వచ్చేది. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మా ఇంటాయన, మరిది మగ్గంలో కూర్చునేవాళ్ళు, నేనూ అత్తా రాట్నం తిప్పి కండెలకు దారం చుట్టి అందించేవాళ్ళం. ఆ ఇంట్లో ఏ మాటైనా మగ్గం చప్పుడు మీదుగా అరిచి చెప్పుకోవలసిందే గనుక, మెల్లగా చెప్పుకోవలసిన మాటలు సామాన్యంగా ఎవరూ చెప్పుకునేవారు కాదు.

దానికి ముందు వచ్చిన దీపావళి పోయిన కొన్నాళ్ళకు నాకు రెండో కాన్పు అయింది. నెలలు నిండిన బిడ్డే. ఆడపిల్ల. పుట్టింది గానీ ఏడవలేదు. నర్సమ్మ ఒక పాత చీర ముక్కలో చుట్టి నా పక్కన కాసేపు ఉంచింది. తరువాత మా ఇంటాయన, మరిది వచ్చి తీసుకుపోయారు. ఎక్కడికి తీసుకుపోయారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు మా అత్త వేడినీళ్ళు కాచి తలకు పోసింది, మిరియాల కారంతో అన్నం కలిపి పెట్టింది, ఏ లోటూ చేయలేదు. కానీ పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి, "ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దండమ్మా" అని చెప్పి పంపేసేది. మా అమ్మ హిందూపురం నుంచి వచ్చి నన్ను పట్టుకుని ఏడవబోతే, ఆమెను కూడా పెరట్లోకి పిలుచుకుపోయి ఏమి చెప్పిందో, మా అమ్మ కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. సంక్రాంతి రాకముందే నేను మళ్ళీ రాట్నం ముందు కూర్చున్నాను. పెళ్ళిళ్ళ చీరలు మగ్గం మీద ఉన్నాయి మరి. చేతులు తిరుగుతూ ఉండేవి. సాయంత్రానికి నేను ఎంత అలసిపోయేదాన్నంటే, పెద్దవాడికి అన్నం తినిపిస్తూ ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయేదాన్ని. మా అత్త గుండె రాయి అనుకున్నాను. ఆ ఇంట్లో ఆ బిడ్డ పుట్టిందని గుర్తున్నది నా ఒక్కదానికేనని అనుకున్నాను.

అలా ఉండగా మాకు పని ఇచ్చే షావుకారు వాళ్ళ చుట్టాల కోసం గోవాలో ఒక లాడ్జి, ఒక వ్యాను మాట్లాడి పెట్టాడు. తీరా మనవాళ్ళు ఫైనలు చేరేసరికి ఆ చుట్టాలంతా మ్యాచి వదులుకుని రామని కూర్చున్నారు. ఎటూ మాట్లాడిన వ్యాను, మీరైనా పోయి రండప్పా అని షావుకారు మా ఇంటాయనతో అన్నాడు. మా అత్త సముద్రం మాట వినగానే చేస్తున్న పని ఆపి, "పోదాం" అంది. ఆమె ఎన్నడూ ఎక్కడికీ పోదామన్న మనిషి కాదు. మగవాళ్ళిద్దరూ లాడ్జిలో టీవీ ఉందా లేదా అని కనుక్కుని, ఉందని తెలిశాకే ఒప్పుకున్నారు.

అనంతపురం, బళ్ళారి, హుబ్బళ్ళి దాటి ఘాటు రోడ్డు దిగేదాకా నేను వ్యాను కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను. మన వైపు నేల ఎలా ఉంటుందో మీకు తెలుసు, వేరుశనగ పీకేసిన ఎర్ర నేలలు, రాళ్ళ గుట్టలు. ఘాటులో ఆ చెట్ల చీకటి చూసి మా ఇంటాయన, ఇంత నీడను ఏం చేసుకుంటారబ్బా అన్నాడు. మామూలుగా అయితే నేను నవ్వేదాన్ని.

లాడ్జి కొబ్బరితోటలో ఒక పాత పెంకుటిల్లు. విదేశాల వాళ్ళు వెళ్ళిపోయారు, పిల్లల పరీక్షల రోజులు గనుక మన దేశం వాళ్ళు ఇంకా రావడం లేదు. ఒడ్డున ఉన్న తాటాకు హోటళ్ళలో సగం మూసేసి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాళ్ళతో కట్టేశారు. వంటమనిషి హుబ్బళ్ళి వైపువాడు కావడంతో నా కన్నడం పనికొచ్చింది, మా అత్తకు చేప వాసన తగలకుండా వేరే గిన్నెలో చారు పెట్టమని చెప్పుకోగలిగాను. అదొక్క విషయంలో మా మరిది ముందు నేను కాస్త గర్వంగా తిరిగాను.

మరుసటి రోజే ఫైనలు. మధ్యాహ్నం భోజనాలు కాగానే లాడ్జి యజమాని, వంటమనిషి, వ్యాను డ్రైవరు, మా మగవాళ్ళిద్దరూ అందరూ హాల్లో ఎత్తైన బల్ల మీద ఉన్న టీవీ కింద చేరారు. మా పెద్దవాడు వాళ్ళ నాయన ఒళ్ళో కూర్చుని ఆట అర్థం కాకపోయినా అరిచినప్పుడల్లా తానూ అరుస్తున్నాడు. నేను గదిలో పడుకుందామని పోతుంటే మా అత్త చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో నిలబడి ఉంది.

"రా, నీళ్ళ కాడికి పోదాం."

"ఎండ ఉండాది గదత్తా. వాళ్ళు కూడా రానీ."

"వాళ్ళు రారు. అందుకే రమ్మంటాండా," అంది.

ఒడ్డు మొత్తం మీద మనుషులు లేరు. దూరంగా ఒకతను తాటాకు పాక విప్పి వాసాలు ఒక పక్కకు పేరుస్తున్నాడు, అంతే. వెనక లాడ్జి నుంచి అప్పుడప్పుడు మగవాళ్ళ కేకలు వినపడి అలల హోరులో కలిసిపోతున్నాయి. మా అత్త తడి ఇసుక దాకా నడిచి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కిందికి దోపుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె నీళ్ళనే చూస్తూ తడి ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ ఉంది. సముద్రం గురించి ఏమన్నా అంటుందేమో అనుకున్నాను.

"ఆ బిడ్డ ఎట్లుండె?" అని అడిగింది.

నాకు మొదట అర్థం కాలేదు. ఏ బిడ్డ అని కూడా అడిగాను.

"మన పాప. నేను మొగం చూడలే. ధైర్యం చాల్లేదు. నువ్వు చూస్తివి గదా, చెప్పు. ఎట్లుండె?"

నేను చెప్పాను. ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. తల నిండా వెంట్రుకలు ఉన్నాయని, ముక్కు మా ఇంటాయన ముక్కేనని, అంటే అత్త ముక్కేనని, కుడిచేతి వేళ్ళు మూసుకుని ఉన్నాయని, నేను తెరిచి చూశానని, గోళ్ళు పెరిగి ఉన్నాయని, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ముక్కు మాట చెప్పినప్పుడు మాత్రం చేత్తో తన ముక్కు తడుముకుంది.

"నాకు ఇద్దరు పోయినారు," అంది చివరికి. "నీ మొగుని కంటే ముందర ఒకడు, నీ మరిది తర్వాత ఒకతె. నాకు చూపించను గూడా చూపించలే. మా అత్త నన్ను రాట్నం ముందర కూర్చోబెట్టి, దాన్ని గురించి మాట్లాడొద్దు, మాట్లాడితే ఆ దుఃఖం ఇంట్లోనే ఉండిపోతాది, పోదు అని చెప్పె. నిజమే అనుకుంటి. ఇన్నేండ్లు మాట్లాడలే. అదేం పోలేదు పాపా. యాడికీ పోలే. నీకూ అదే నేర్పిస్తి."

ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేనే, ఆ హోరులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో చంటిపిల్లలా గొంతెత్తి ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. దశాబ్దాలుగా దారం లాగి లాగి గట్టిపడిన చెయ్యి అది, రవికె మీద నుంచి కూడా ఆ గరుకుతనం తెలిసింది.

కొంతసేపటికి ఆమె లేచి నీళ్ళలోకి నడిచింది. ఒక్కసారి తల తడుపుకుని వస్తానంది. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు దాకా పోయి ఇంకా పోతూనే ఉంది. పాక విప్పుతున్నతను లోపలికి పోవద్దని కన్నడంలో కేక వేశాడు, నేను లేచి పరుగెత్తేలోపే ఒక అల వచ్చి ఆమెను పడదోసింది. నీళ్ళలో ఆమె చీర ఉబ్బి తెల్లగా కనపడటం, మనిషి కనపడకపోవడం, నేను ఆ చీర చెంగును రెండు చేతులా పట్టుకుని లాగడం, ఇద్దరమూ ఇసుకలోకి వచ్చి పడటం, ఇవన్నీ ఊపిరి తీసుకునేంతలో జరిగిపోయాయి. ఆమె ముక్కులోంచి, నోట్లోంచి ఉప్పునీళ్ళు కక్కుతూ లేచి కూర్చుంది.

"పోదామనుకుంటివా అత్తా?" అని అడిగాను. ఆ మాట అడగగలనని నాకే తెలియదు.

ఆమె నా మొహంలోకి చూసింది. "లేదులే. కాళ్ళు నిలవలే. వయసైపాయె గదా," అని, తడి చెంగుతో మొహం తుడుచుకుని, "అలిసిపోయినా పాపా. శానా అలిసిపోయినా. నువ్వు గూడా అలిసిపోయినావు, రోజూ చూస్తానే ఉండా," అంది.

దీపాలు పెట్టే వేళకు మేము తడి చీరలతో, ఒంటినిండా ఇసుకతో లాడ్జి హాల్లోకి వచ్చేసరికి మగవాళ్ళంతా దిగాలుగా కూర్చుని ఉన్నారు. మనవాళ్ళు ఓడిపోవడం ఖాయమైపోయిందట. మా మరిది ఆ మురికి చొక్కా విప్పి మూలకు విసిరేశాడు. మా పెద్దవాడు నిద్రపోయాడు. మా ఇంటాయన మమ్మల్ని చూసి అదిరిపడి లేచి నిలబడ్డాడు.

అత్త అక్కడే నిలబడి నీళ్ళు కారుతున్న చీర పిండుకుంటూ అంది, "రేపు పొయ్యేది లేదు. ఇంగా నాలుగు దినాలు ఈడే ఉంటాం."

"అదెట్ల మా? పెండ్లి చీర మగ్గం మీద ఉండాది. షావుకారు ఊరుకోడు," అన్నాడు మా ఇంటాయన.

"ఊరుకోకుంటే వచ్చి ఆయప్పనే నేసుకోమను. మగ్గం యాడికీ పోదు. ఒరే, బిడ్డను పోగొట్టుకున్న మనిషిని నెల తిరక్కుండా రాట్నం ముందర కూర్చోబెట్టినాం. నేను చెప్పినా, నువ్వు ఊ కొట్టినావు. దాని మొగం ఒకసారన్నా చూస్తివా నువ్వు?"

హాల్లో ఉన్న పరాయివాళ్ళు తలలు తిప్పుకున్నారు. టీవీలో ఎవరో ఏదో చెబుతున్నారు. మా ఇంటాయన నిలబడిన చోటే నిలబడి నా వైపు చూశాడు, ఆ తరువాత వెళ్ళి కుర్చీ ఎక్కి టీవీ కట్టేశాడు. ఇంకా చాలా ఆట మిగిలే ఉందట.

మరుసటి రోజు పొద్దున ఆయన నన్ను ఒడ్డుకు పిలుచుకుపోయాడు. అంతకుముందు మేమిద్దరమే ఎక్కడికైనా నడిచి వెళ్ళిన గుర్తు లేదు. కొంతదూరం పోయాక, పాపను ఊరి బయట వంక పక్కన కానుగ చెట్టు కింద పెట్టి వచ్చామని, ఆ దారిలో పోలేక ఇప్పటికీ చుట్టు తిరిగి పోతున్నానని చెప్పాడు. "పేరేమన్నా అనుకోనుంటివా?" అని అడిగాడు. అనుకున్నాను, చెప్పాను. ఆయన ఆ పేరును ఒకసారి పైకి పలికి చూసుకున్నాడు. సాయంత్రం అత్తకూ చెప్పాము. ఆ పేరు ఇక్కడ రాయను. అది మా ముగ్గురి మధ్యే ఉండనివ్వాలని మా అత్త కోరిక.

తిరిగి వచ్చాక అత్త నన్ను హిందూపురంలో మా అమ్మ దగ్గరికి పంపించి, వానలు పడేదాకా రావద్దని చెప్పింది. ఆ ఎండాకాలమంతా నా రాట్నం కూడా ఆమే తిప్పింది. నేను తిరిగి వచ్చిన రోజు, కానుగ చెట్టు దాకా నన్ను ఆమే తోడుకుని పోయింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆమెకు మాటలు పెరిగాయి. ఏ పెళ్ళిలోనో ఎవరైనా ఎంతమంది పిల్లలమ్మా అని అడిగితే నలుగురు, ఇద్దరు ఉన్నారు, ఇద్దరు లేరు అని చెప్పేది. అడిగినవాళ్ళు ఇబ్బంది పడినా ఆమె పడేది కాదు.

ఆమె పోయి చాలా ఏళ్ళైంది. మరమగ్గాలు వచ్చాక మా చేతి మగ్గం కొన్నాళ్ళు మూలుగుతూ నడిచి ఆగింది. గుంటలో కూర్చుని కూర్చుని మా ఇంటాయన నడుము వంగిపోయింది, ఆ గుంట పూడ్చి, పైన సిమెంటు వేసి, ఇల్లు అద్దెకిచ్చి మేము కొడుకు దగ్గరికి పెనుకొండ వచ్చేశాం. వంక పక్కన రోడ్డు వెడల్పు చేశారు, ఆ చెట్టు లేదు.

ఇప్పుడు క్రికెట్ ఏడాది పొడవునా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఎవరి ఫోనులో వారు చూసుకుంటారు, చెవుల్లో ఎవరి తీగలు వారికి ఉంటాయి. ఓడినా గెలిచినా ఒక నిమిషంలో వేలితో పక్కకు తోసేస్తారు. ఊరంతా ఒక గదిలో చేరి కూర్చోవడం, ఆడవాళ్ళకు ఒక మధ్యాహ్నం ఖాళీగా మిగలడం నేను మళ్ళీ చూడలేదు. ఇప్పటివాళ్ళు అన్నీ దాచుకోకుండా మాట్లాడుకుంటారు, మా కాలంలా కాదు, అది మంచిదే. మా కొడుకూ కోడలూ నన్ను రోజూ అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా అని అడుగుతారు, ఒక్క రోజు కూడా మరచిపోరు. అలిసిపోయినావా అని మాత్రం అడగరు. అది అడగాలంటే ఎదుటి మనిషి మొహం కాసేపు చూస్తూ కూర్చోవాలి. షిఫ్టు నుంచి వచ్చి గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయే ఆ పిల్లలకు అంత ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? నేనే అడగాలి. రోజూ అడుగుదామనే అనుకుంటాను, వాళ్ళు లేచేసరికి బస్సు వేళ అయిపోతుంది.